సంతానమూ సంరక్షణా

తెలుగు కావ్యావతారికలలోనూ దానశాసనాలలోనూ తరచుగా కనిపించే మాట సప్తసంతానాలు. పుత్రుడు, తటాకం, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం అనే ఏడింటినీ మనిషి తన తరువాత లోకంలో నిలిపి వెళ్లవలసిన సంతానంగా పూర్వులు లెక్కించారు. ఈ ఏడింటిలో పుత్రుడొక్కడే రక్తసంబంధం కలవాడు. మిగిలిన ఆరింటికీ సంతాన పదవి ఇవ్వడం మన సంస్కృతి చేసిన ఒక విశిష్టమైన ఊహ. చెరువు తవ్వించినవాడికి ఆ చెరువే బిడ్డ. తోట వేయించినవాడికి ఆ తోటే బిడ్డ. కొడుకులు లేని రాజులూ, దండనాయకులూ, వర్తకులూ, దేవాలయ నర్తకీమణులూ ఈ మాటను నమ్మి ధనం వెచ్చించారు. వారు తవ్వించిన చెరువుల కింద నేటికీ పంటలు పండుతున్నాయి.

అయితే చెరువును బిడ్డ అని పిలిచిన క్షణంలోనే ఒక ప్రశ్న కూడా పుడుతుంది. బిడ్డను కనడం ఒక దినంలో జరిగే పని. పెంచడం ఏళ్ల తరబడి సాగే పని. కన్నవారికి ఎంత పుణ్యమో పెంచినవారికి అంత పుణ్యం ఉన్నదా? ఎక్కువ ఉన్నదా? తవ్వించినవాడి పేరు రాతిమీద చెక్కి ఉంటుంది. ఏటేటా పూడిక తీసినవాడి పేరు ఎక్కడ ఉంటుంది? నిర్మాణానికీ సంరక్షణకూ మధ్య సమాజం పాటించిన ఈ వ్యత్యాసం న్యాయమైనదేనా అన్నది చరిత్ర విద్యార్థులూ పరిపాలకులూ సమంగా ఆలోచించవలసిన విషయం.

సంరక్షణ అంటే ఏమిటో ముందుగా తెలుసుకోవాలి. దక్కన్ పీఠభూమిలో ఒక సామాన్యమైన గ్రామపు చెరువును తీసుకుంటే, దాని సంవత్సరం వేసవితో మొదలవుతుంది. నీరు అడుగంటగానే చెరువు గర్భంలో పేరుకొన్న ఒండ్రును పలుగుతో, పారతో తవ్వి బండ్లకెత్తి పొలాలకు తోలాలి. కట్టమీద మొలిచిన తుమ్మమొక్కలను వేళ్లతో సహా పెరికివేయాలి. చెట్టు ఎదిగి చచ్చిపోతే దాని వేరు కుళ్లిన చోటే నీటికి దారి ఏర్పడుతుంది. ఎలుకల కన్నాలను, పీతల బొరియలను వెదికి బంకమట్టితో దట్టించి మూయాలి. కట్ట లోపలివైపు జారిన రాళ్లను తిరిగి పేర్చాలి. తూము నోటికి అడ్డుపడిన చెత్తను తీసివేయాలి. అలుగు మీద కదిలిన రాళ్లను బిగించాలి. వాగునుంచి చెరువుకు, చెరువునుంచి మడికి, తోటకు వెళ్లే కాలువలలో జమ్మునూ తుంగనూ కోసివేయాలి. ఇవన్నీ రోహిణి కార్తె ముగిసేలోగా పూర్తికావాలి. మృగశిర ప్రవేశించిన తరువాత కట్ట మీద పార పెట్టడానికి ఆకాశం అనుమతి ఇవ్వదు.

బావి కింద తోట అయితే పని రూపం మారుతుంది గాని స్వభావం మారదు. మోట కాలంలో తోలుబక్కెన కుట్లు విప్పి కుట్టుకొని, తాళ్లు పేనుకొని, గిలకలకు ఆముదం పెట్టుకొని, బావిలో దిగి పూడిక తోడేవారు. నేడు అనంతపురం ప్రాంతపు చీనీతోటల్లో బిందుసేద్యం వచ్చింది. అక్కడ రైతు ఇసుక ఫిల్టరును వెనుకకు నీరు పారించి కడగాలి; జల్లెడ ఫిల్టరును విప్పి తోమాలి; గొట్టాల చివరి మూతలు తీసి మడ్డిని బయటికి వదలాలి; ఉప్పునీటి బోరు అయితే డ్రిప్పర్లలో గడ్డకట్టిన సున్నాన్ని పలచని ఆమ్లంతో కరిగించాలి; ఉడుతలూ ఎలుకలూ కొరికిన చోట అతుకు వేయాలి. సాధనం తోలునుంచి ప్లాస్టిక్కుకు మారింది. ఏటేటా చేతులు పెట్టవలసిన అవసరం మాత్రం అలాగే ఉన్నది.

ఈ పనికి చరిత్రలో గౌరవం పూర్తిగా లేకపోలేదు. గుజరాత్‌లోని జునాగఢ్ వద్ద గిర్నార్ కొండ పాదంలో ఉన్న ఒకే బండమీద మూడు కాలాల శాసనాలున్నాయి. ఒకవైపు అశోకుని ధర్మలిపులు. వాటికి తోడుగా మహాక్షత్రపుడు రుద్రదాముని శాసనం, గుప్త చక్రవర్తి స్కందగుప్తుని కాలపు శాసనం. చివరి రెండింటికీ విషయం ఒకటే: సుదర్శన తటాకం మరమ్మతు.

రుద్రదాముని శాసనం ప్రకారం ఆ తటాకాన్ని మొదట చంద్రగుప్త మౌర్యుని రాష్ట్రియుడు పుష్యగుప్తుడు కట్టించాడు. అశోకుని కాలంలో తుషాస్ఫుడనే యవన రాజు దానికి కాలువలు ఏర్పరచాడు. శక సంవత్సరం 72లో, అంటే క్రీ.శ. 150 ప్రాంతంలో, మార్గశిర మాసపు తుఫానుకు కొండవాగులు పొంగి కట్ట తెగింది. గండి పొడవు 420 మూరలు, వెడల్పు అంతే, లోతు 75 మూరలు అని శాసనం లెక్క చెబుతుంది. సుదర్శనం ఎడారిలా మారి చూడడానికి దుర్భరమైంది. దాన్ని పూడ్చడానికి రాజు పూనుకొన్నప్పుడు మతిసచివులూ కర్మసచివులూ వద్దన్నారు. అమాత్య గుణాలన్నీ ఉన్న ఆ మంత్రులే గండి అతిపెద్దదన్న కారణంతో ఉత్సాహం చూపలేదని శాసనం దాపరికం లేకుండా నమోదు చేసింది. కట్ట మళ్లీ లేవదన్న నిరాశతో ప్రజలు హాహాకారాలు చేశారు. అప్పుడు ఆనర్త సురాష్ట్రాలను పాలించడానికి నియుక్తుడైన అమాత్యుడు, పహ్లవ జాతీయుడైన కులైపుని కుమారుడు సువిశాఖుడు ఆ పనిని పూర్తిచేశాడు. కట్ట మునుపటికన్నా మూడింతలు దృఢంగా తయారైంది.

ఇక్కడ రెండు అంశాలు గమనింపదగినవి. మొదటిది, శాసనం సువిశాఖుని సమర్థతతో పాటు అతని నిగ్రహాన్ని, గర్వరాహిత్యాన్ని, లంచానికి లొంగని గుణాన్ని ప్రత్యేకించి పేర్కొన్నది. మరమ్మతు పనిలో అవినీతికి ఎంత అవకాశం ఉంటుందో ఆనాటివారికి తెలియకపోతే ఆ గుణాన్ని రాతిలో చెక్కవలసిన అవసరం వచ్చేది కాదు. రెండవది ఇంకా ముఖ్యమైనది. పౌరులను, జానపదులను పన్నుతోగాని, విష్టితోగాని, ప్రణయమనే బలవంతపు కానుకతోగాని పీడించకుండా, తన కోశంలోని ధనంతోనే రాజు ఈ పని చేయించాడని శాసనం చెబుతుంది. విష్టి అంటే కూలి ఇవ్వకుండా చేయించుకొనే పని. తెలుగులో ‘వెట్టి’ అన్న మాటకు మూలం అదే. అంటే 1,800 ఏళ్లకు పూర్వమే ఒక మరమ్మతు శాసనం రెండు ప్రశ్నలకు ఒకేసారి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది: పని జరిగిందా? ఎవరి వీపుమీద జరిగింది?

ఆ కట్ట స్కందగుప్తుని కాలంలో గుప్త సంవత్సరం 136లో, అంటే క్రీ.శ. 455 ప్రాంతంలో, వర్షాలకు మళ్లీ తెగింది. పర్ణదత్తుని కుమారుడు చక్రపాలితుడు మరుసటి వేసవిలో దాన్ని కట్టించాడు. ఆ తరువాత ఎప్పుడో సుదర్శనం అదృశ్యమైపోయింది. కట్టినవారు, తెగినప్పుడు పూడ్చినవారు శాసనాలలో ఉన్నారు. మధ్యనున్న సుమారు ఏడెనిమిది వందల ఏళ్లలో తెగకుండా కాపాడినవారి ప్రస్తావన ఎక్కడా లేదు.

కళింగాధిపతి ఖారవేలుని హాథీగుంఫా శాసనం మరో మేలైన ఉదాహరణ. పట్టాభిషిక్తుడైన మొదటి సంవత్సరంలో అతడు చేసిన పని దండయాత్ర కాదు. గాలివానకు దెబ్బతిన్న నగర ద్వారాలను, ప్రాకారాలను, భవనాలను బాగుచేయించాడు; తటాకపు గట్లు కట్టించాడు; ఉద్యానాలన్నింటినీ పునఃస్థాపించాడు. పరిపాలన మరమ్మతుతో ప్రారంభమైందని గర్వంగా చెప్పుకొన్న రాజులు చరిత్రలో అరుదు. అయితే అతనైనా చెప్పుకొన్నది తుఫాను తరువాతి పునరుద్ధరణనే. ప్రతి సంవత్సరం జరిగే సాధారణ సంరక్షణను ఏ రాజూ ప్రశస్తిలో చేర్చలేదు.

తెలుగునేలకు వస్తే, కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం సుప్రసిద్ధం. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, చెరువుకు రాకూడని 6 దోషాలను వివరిస్తుంది. దినానికి 1,000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేయగా రెండేళ్లలో నిర్మాణం పూర్తయిందని తెలుపుతుంది. జలశాస్త్రానికి అది అమూల్యమైన పత్రం. కాని ఆ ఆరు దోషాలను పరిశీలిస్తే – కట్టలో ఊట పుట్టడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు మధ్య మెట్ట లేవడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం – దాదాపు అన్నీ జన్మదోషాలే. స్థలం ఎంపికలోనో నిర్మాణంలోనో వచ్చేవి. పూడిక పేరుకోవడం, తూము చెడిపోవడం, కాలువ పూడిపోవడం అనే పెంపకపు దోషాలు ఆ జాబితాలో చోటుచేసుకోలేదు.

పెంపకాన్ని గురించి ఆలోచించినవి ప్రశస్తులు కావు, మాన్యాల పత్రాలు. రాయలసీమలోనూ నెల్లూరు ప్రాంతంలోనూ దశబంధమనే పద్ధతి శతాబ్దాలపాటు అమలులో ఉన్నది. చెరువును నిర్మించి లేదా బాగుచేసి, దాన్ని చెడకుండా చూసే బాధ్యత వహించినవారికి ఆయకట్టులో కొంత భూమినో, రాబడిలో ఒక భాగాన్నో ఇచ్చేవారు. నీటిని పంచి, తూము తెరిచి మూసి, కట్టను కనిపెట్టి ఉండే వ్యక్తిని తెలంగాణలో నీరటి అని, రాయలసీమలో నీరుగంటి అని పిలిచేవారు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు అతని మేర అతనికి ముట్టేది. సంరక్షణను పుణ్యానికి వదిలిపెట్టకుండా దానికొక వృత్తిని, ఒక ఆదాయాన్ని, ఒక మనిషిని ఏర్పాటుచేయడం ఇందులోని వివేకం.

ఇన్ని ఏర్పాట్లున్నా నిర్మాణానికే కీర్తి ఎందుకు దక్కింది? దీనికి లోభమో అజ్ఞానమో మాత్రమే కారణం కాదు. మూలంలో ఒక తాత్త్విక చిక్కు ఉన్నది. కట్టిన చెరువు కంటికి కనిపిస్తుంది. కాపాడిన ఫలం కంటికి కనిపించదు. వైశాఖంలో ఒక బొరియను పూడ్చినవాడు భాద్రపదంలో పడవలసిన గండిని నివారించాడు. ఆ గండి పడలేదు. పడలేదు గనుక ఎవరూ చూడలేదు. న్యాయదర్శనం దీనికి ప్రాగభావమని పేరు పెట్టింది. ఒక వస్తువు పుట్టకముందు ఉండే లేమి అది. గండికి సంబంధించిన ప్రాగభావాన్ని పోకుండా కాపాడడమే మరమ్మతు చేసేవాని పని. లేమిని కాపాడినవాడికి ఏ రాతిమీద ఏమని చెక్కాలి?

మీమాంసకులు కర్మలను విభజించిన పద్ధతి ఈ చిక్కును అర్థంచేసుకోవడానికి ఎంతో ఉపకరిస్తుంది. ఫలాన్ని కోరి చేసేది కామ్యకర్మ. ఒక నిమిత్తం ఏర్పడినప్పుడు చేయవలసింది నైమిత్తికం. ప్రతినిత్యం చేసి తీరవలసింది నిత్యకర్మ. నిత్యకర్మ చేసినందువల్ల విశేష పుణ్యం రాదు, చేయకపోతే ప్రత్యవాయం కలుగుతుందని సంప్రదాయం. ఈ వెలుగులో చూస్తే కొత్త చెరువు తవ్వించడం కామ్యం: కీర్తి, స్వర్గం, సంతానపదవి దాని ఫలాలు. గండి పూడ్చడం నైమిత్తికం: సువిశాఖుడూ చక్రపాలితుడూ చేసినది అదే. ఏటేటా పూడిక తీయడం నిత్యకర్మ. దానికి ఫలశ్రుతి లేదు. మానుకొంటేనే దాని ఉనికి తెలుస్తుంది.

దీనిపై శంకరాచార్యులు లేవనెత్తిన ఆక్షేపణ ఒకటి ప్రసిద్ధం. చేయకపోవడం అనేది అభావం. అభావంనుంచి ప్రత్యవాయమనే భావవస్తువు ఎలా పుడుతుంది? తర్కదృష్టిలో ఇది బలమైన ప్రశ్న. చెరువుకట్ట మీద నిలబడి చూస్తే దీనికి ఒక లౌకికమైన సమాధానం దొరుకుతుంది. అక్కడ శూన్యంనుంచి ఏదీ పుట్టడం లేదు. ఒండ్రు దిగుతూనే ఉన్నది, వేరు పాకుతూనే ఉన్నది, ఎలుక తవ్వుతూనే ఉన్నది. ఇవన్నీ ఎడతెగని క్రియలు. మనిషి చేయి వాటికి ఎదురుగా చేసే క్రియ ఒక్కటే ఆగిపోయింది. నిర్లక్ష్యం దానంతట అది ఏమీ చేయదు. చేసేవాటికి దారి ఇస్తుంది. అందుచేత ‘నేనేమీ చేయలేదు’ అన్న మాట సంరక్షణ విషయంలో నిర్దోషిత్వానికి సాక్ష్యం కాజాలదు. అదే నేరాంగీకారం కావచ్చు.

ఇంతవరకు వాదం సుగమంగానే ఉన్నది. కాని ఇక్కడితో ఆగి, పూర్వకాలపు గ్రామాల సమష్టి బాధ్యతను కొనియాడి ముగిస్తే అది అర్ధసత్యమే అవుతుంది. ఆ నిత్యకర్మను ఎవరు చేశారు? ఆయకట్టులో గుంటెడు భూమి లేనివారే తరచుగా చెరువులో దిగి మట్టి ఎత్తారు. నీటికి అందరికన్నా దగ్గరగా ఉన్న నీరటి పలుచోట్ల ఊరి బావిలో చేద వేయడానికి అర్హత లేనివాడిగా బతికాడు. దొరల గ్రామాలలో చెరువు పని వెట్టి లెక్కలోనే సాగింది. రుద్రదాముడు చేయలేదని చెప్పుకొన్న పనినే ఎందరో ప్రభువులు చెప్పుకోకుండా చేశారు.

వలస ప్రభుత్వం ఈ ఆచారాన్ని చట్టంగా మార్చింది. 1858లో మద్రాసు రాజధానికి వర్తించేలా చేసిన నిర్బంధశ్రమ చట్టం రెండు పనులు చేసింది. వరదవేళ గండి పడే ప్రమాదం ఉన్నప్పుడు గ్రామస్థులను నిర్బంధంగా పనికి పిలిచే అధికారం ఇచ్చింది. కుడిమరామత్తు అని పిలిచే ఆచారబద్ధమైన చిన్న మరమ్మతులు చేయనివారినుంచి ఖర్చు రాబట్టే వీలు కల్పించింది. రాబడి ప్రభుత్వానికి, శ్రమ గ్రామానికి అన్న ఈ ఏర్పాటులో ధర్మం ఎంత ఉన్నదో చెప్పనవసరం లేదు. భూమిశిస్తు భారంతో గ్రామపు ఉమ్మడి వనరులు కుంచించుకుపోయిన తరువాత ఆచారాన్ని నిలబెట్టడానికి శిక్షాస్మృతి చాలలేదు.

సింహళ అనుభవం దీనికి మరో పార్శ్వం చూపుతుంది. పన్నెండవ శతాబ్దంలో పరాక్రమబాహువు నిర్మించిన, పునరుద్ధరించిన చెరువులను, కాలువలను చూళవంశం వేల సంఖ్యలో లెక్కించింది. అక్కడ సేద్యపు పనులు రాజకారియమనే నిర్బంధసేవతో ముడిపడి ఉండేవి. 1832లో బ్రిటిష్ ప్రభుత్వం రాజకారియాన్ని రద్దుచేసింది. వ్యక్తిస్వేచ్ఛ దృష్టితో అది సరైన నిర్ణయమే. కాని దాని స్థానంలో మరో ఏర్పాటు చేయకపోవడం వల్ల గ్రామాలలో చెరువుల సంరక్షణ దెబ్బతిన్నది. చివరకు 1856లో పాత నీటిపారుదల ఆచారాలకు తిరిగి బలం ఇవ్వడానికి ప్రత్యేక చట్టం తేవలసి వచ్చింది. అన్యాయమైన ఏర్పాటును తొలగించడం ఒక కర్తవ్యమైతే, ఆ ఏర్పాటు నిర్వహిస్తున్న అవసరాన్ని న్యాయమైన మార్గంలో తీర్చడం రెండవ కర్తవ్యం. మొదటిది చేసి రెండవది మరచినచోట స్వేచ్ఛ పొందినవాడే ఎండిన పొలం ముందు నిలబడవలసి వచ్చింది.

భారత రాజ్యాంగం 23వ అధికరణంలో ఈ ప్రశ్నను ఎంతో నిశితంగా పరిష్కరించింది. బేగారును, దానివంటి నిర్బంధశ్రమను మొదటి భాగం నిషేధించింది. ప్రజాప్రయోజనం కోసం రాజ్యం నిర్బంధసేవ విధించవచ్చునని రెండవ భాగం అనుమతించింది. అయితే ఆ సేవను విధించడంలో కేవలం మతం, జాతి, కులం, వర్గం కారణంగా వివక్ష చూపరాదన్నది నిబంధన. ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో 1982లో సర్వోన్నత న్యాయస్థానం మరో అడుగు ముందుకు వేసి, కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకొన్న పని కూడా నిర్బంధశ్రమేనని తీర్పు చెప్పింది. రుద్రదాముని శాసనంలోని విష్టి నిరాకరణకు ఇది ఆధునిక భాష్యమని భావించవచ్చు. పంచుకొంటే అందరూ పంచుకోవాలి. కొందరే చేస్తే వారికి పూర్తి కూలి దక్కాలి. మరమ్మతుకు మూడవ ధర్మమార్గం లేదు.

పంచుకోవడం సాధ్యమా అన్న సందేహానికి హిమాలయ పాదాలలో ఒక ఉదాహరణ ఉన్నది. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్డా లోయలో కూల్ అనే కాలువలు కొండవాగులనుంచి పొలాలకు నీరు తెస్తాయి. వాగులో రాళ్లూ కొమ్మలూ పేర్చి వేసే అడ్డుకట్ట వరదకు కొట్టుకుపోతుంది. దాన్ని మళ్లీ మళ్లీ కట్టుకోవలసిందే. కోహ్లీ అనే పెద్ద రైతులను పిలుస్తాడు, పని పంచుతాడు, తరువాత నీరూ పంచుతాడు. 1905 ఏప్రిల్ 4న సంభవించిన భూకంపానికి ఆ లోయలో కాలువలు విస్తారంగా దెబ్బతిన్నా మళ్లీ పారాయి. అక్కడ కూడా కులభేదాలూ తలమడి చివరిమడి తగాదాలూ లేకపోలేదు. యువకులు ఉద్యోగాలకు వెళ్లిపోతే పనికి చేతులు చాలని రోజులూ వచ్చాయి. అయినా ఆ వ్యవస్థ ఒక సత్యాన్ని చూపుతుంది. తాత్కాలికమైన కట్ట శాశ్వతమైన కూటమిని నిలబెట్టగలదు. అందరూ ఏటా కలవవలసిన పని ఉన్నది గనుక అందరూ ఏటా కలిశారు. సిమెంటుతో శాశ్వతంగా కట్టి ఇచ్చినచోట కలవవలసిన పని తగ్గి, సిమెంటు పగిలిన రోజున పిలిచే పెద్దా లేక, వచ్చే మనిషీ లేక ఊరు కార్యాలయంవైపు చూసే స్థితి ఏర్పడవచ్చు.

స్వతంత్ర భారతంలో ఈ సమస్య పద్దులలోకి ప్రవేశించింది. దశాబ్దాలపాటు ప్రభుత్వ వ్యయాన్ని ప్రణాళిక, ప్రణాళికేతర అని రెండుగా విభజించారు. కొత్త కాలువ ప్రణాళిక వ్యయం. పాత కాలువ నిర్వహణ సాధారణంగా ప్రణాళికేతరం. ఒకటి అభివృద్ధిగా, రెండవది భారంగా లెక్కకు వచ్చింది. పొదుపు పాటించవలసి వచ్చినప్పుడల్లా కత్తెర మొదట నిర్వహణ మీదనే పడేది. 2017–18 కేంద్ర బడ్జెట్టుతో ఆ విభజన తొలగింది. పద్దు పేరు పోయినంత మాత్రాన దృష్టి మారుతుందని చెప్పలేము. శంకుస్థాపన ఫలకం కొత్త కట్టడానికే ఉంటుంది. పూడిక తీసిన కాలువకు ప్రారంభోత్సవం ఉండదు. పరిపాలకుడి పదవీకాలం రెండు మూడేళ్లు; సంరక్షణ ఫలం తెలియడానికి పట్టేది పది పదిహేనేళ్లు. మంచి నిర్వహణ ఫలితాన్ని వారసుడు అనుభవిస్తాడు, చెడు నిర్వహణ నిందనూ వారసుడే మోస్తాడు.

సంస్కరణ ప్రయత్నాలు జరగలేదని కాదు. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రైతుల భాగస్వామ్యంతో నీటిపారుదల వ్యవస్థల నిర్వహణకు చట్టం చేయగా, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. బాధ్యతను వాడుకొనేవారికే అప్పగించాలన్న భావన దానికి ప్రాణం. 2015 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా పునరుద్ధరించే కార్యక్రమాన్ని చేపట్టింది. రైతులు సొంత ఖర్చుతో ఒండ్రును పొలాలకు తోలుకొని నేలను సారవంతం చేసుకొన్నారు. ఎన్నో ఊళ్లలో చెరువు మళ్లీ మాటల్లోకి వచ్చింది. ఈ కృషిని తక్కువచేసి చూడడం న్యాయం కాదు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. కాకతీయుల పేరు పెట్టుకొన్న ఉద్యమం కూడా నిత్యకర్మ లోపించినందువల్ల చేయవలసి వచ్చిన నైమిత్తికమే. ముప్పై ఏళ్ల పూడికను ఒక్కసారి తీయడం కన్నా ఏడాది పూడికను ముప్పైసార్లు తీయడం తేలిక. మొదటిదానికి నిధులూ ఉత్సాహమూ దొరుకుతాయి, రెండవదానికి దొరకవు.

ఢిల్లీలోని హుమాయూన్ సమాధి ఉద్యానం ఇదే విషయాన్ని మరో కోణంనుంచి తెలుపుతుంది. పదహారవ శతాబ్దపు ఆ చార్‌బాగ్‌లో నీటికాలువలు చాలాకాలం ఎండిపోయి ఉన్నాయి. 1997లో మొదలై 2003లో పూర్తయిన పునరుద్ధరణలో కాలువలను తిరిగి పరిచారు. ప్రతి 40 మీటర్లకు ఒక సెంటీమీటరు వాలు ఉండేలా రాళ్లను అమర్చారు. అంత సన్నని వాలు కొద్దిపాటి మట్టికి, ఒక రాయి కుంగడానికి చెడిపోతుంది. ఆ ఉద్యానాన్ని సృష్టించినవారి ప్రతిభను మెచ్చుకొనే సందర్శకుడు, ఆ వాలును దినదినమూ కాపాడే తోటమాలిని చూడకుండానే దాటిపోతాడు. అతడు నాలుగు రోజులు చీపురు పక్కన పెడితే మొగలుల జ్యామితి మళ్లీ బురద అవుతుంది.

రాళ్లు మార్చి, మట్టి మార్చి, చెట్లు మార్చి బాగుచేసిన తోట పాత తోటేనా అని అడిగేవారు ఉండవచ్చు. పోరుమామిళ్ల కట్టమీద నేడున్న మట్టి అంతా భాస్కరుని కాలపు మట్టేనా? ఇక్కడ సంతానమన్న పదానికే తిరిగి వెళ్లడం మంచిది. ‘తన్’ అంటే సాగడం, విస్తరించడం. ఎడతెగకుండా సాగేదే సంతానం. బౌద్ధ దార్శనికులు క్షణక్షణమూ మారుతూ కొనసాగే ప్రవాహాన్ని సంతానమన్నారు. ఆ అర్థంలో చెరువు ఒక వస్తువు కాదు, ఒక కొనసాగింపు. దాని గుర్తింపు మట్టిలో లేదు. ఏటేటా ఆ మట్టిని సరిచేసే చేతుల పరంపరలో ఉన్నది. ఆ పరంపర తెగితే రాయీ మట్టీ అన్నీ ఉన్నా అది సంతానం కాదు, శిథిలం. సుదర్శనానికి జరిగింది అదే.

ఇట్లా చూసినప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానం కొంత మారుతుంది. తవ్వించినవాడు గొప్పవాడా, పూడిక తీసినవాడు గొప్పవాడా అన్న తూకం సరైనది కాదు. తవ్వించినవాడికి సంతానవంతుడన్న పేరును సంవత్సరం తరువాత సంవత్సరం సంపాదించి పెడుతున్నది పూడిక తీసినవాడే. వారిద్దరి మధ్య ఉన్నది ఋణసంబంధం. ఆ ఋణాన్ని దశబంధపు కాలం మాన్యంతో, మేరతో కొంతవరకు తీర్చింది. వెట్టి కాలం పూర్తిగా ఎగవేసింది. నేటి కాలం తీర్చవలసిన తీరు స్పష్టంగానే ఉన్నది. లస్కరుకు నెలనెలా జీతం అందడం, మరమ్మతు పద్దులో డబ్బు వేసవి దాటకముందే విడుదల కావడం, నీటిసంఘం సమావేశం కట్ట తెగినప్పుడు కాక ఉగాది తరువాత జరగడం, మట్టి ఎత్తినవారికి చట్టం చెప్పిన కూలి ముట్టడం, బదిలీపై వెళ్లే అధికారి వారసునికి కొత్త పనుల జాబితాతో పాటు పాత తూముల జాబితాను కూడా అప్పగించడం – ఇవి శాసనాలకెక్కే ఘనకార్యాలు కావు. రోహిణి కార్తె ప్రతి ఏడూ వస్తుంది. ఆ పదమూడు, పద్నాలుగు రోజులలో ఏ ఊరి కట్టమీద ఎంతమంది పారలు పట్టుకొని కనిపిస్తారన్నదే ఆ ఊరు తన సంతానాన్ని ఎలా చూసుకొంటున్నదో చెప్పే లెక్క.